మహారాజశ్రీ సైలెన్సర్ గారికి

మహారాజశ్రీ సైలెన్సర్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాయాల్సింది. కానీ మీరు కుశలంగా లేరని మా వీధంతా ఎరుగును.

పేరులో మౌనం పెట్టుకుని తమరు చేసిన రభస ఇంతా అంతా కాదు. నేను రెండు సందుల అవతల ఉండగానే కుక్కలు లేచి నిలబడేవి, అమ్మ పెనం మీద దోసె పోసేది. ఆ ఉపకారం మాత్రం కాదనను.

బండికి 15 ఏళ్లు నిండాయి. ఆర్సీ ఇంకో 5 ఏళ్లు నడవాలంటే ఫారం 25 పెట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికి బండి చూపించాలి కదా. పొల్యూషన్ సర్టిఫికెట్ తెచ్చాను. ఇండికేటర్లకు బల్బులేయించాను. ఛాసిస్ నంబరు కిరోసిన్ గుడ్డతో తుడిచాను. తమరికి మాత్రం పాత బైండింగ్ వైరుకే ఇంకో రెండు చుట్లు కలిపాను.

ఆయన బల్బుల జోలికే పోలేదు. బూటు కొనతో తమర్ని మెల్లగా తోశారు. ఉయ్యాల్లో పసిపాపలా ఊగారు తమరు.

"దీన్ని బండికి కట్టారా, బండిని దీనికి కట్టారా?"

లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఫెయిల్.

"ఎన్నాళ్ల నుంచన్నా ఈ తీగ?" అన్నాడు మెకానిక్ కుర్రాడు. మొన్ననే కట్టానన్నాను. అతను ఏమీ అనకుండా తీగ విప్పి, చేతికంటిన తుప్పు నాకు చూపించాడు.

ఇంజను చల్లారాక విప్పితే తమరి లోగుట్టు బయటపడింది. హెడ్డు దగ్గర తమరి అతుకు సందు మూసే రింగు, అదే గ్యాస్కెట్, అప్పడంలా అణిగిపోయింది. తమర్ని ఇంజనుకు పట్టి ఉంచే మరల కడ్డీల్లో, అంటే స్టడ్డుల్లో, ఒకదానికి మరలే లేవు. ఆ సందులోంచి గాలి దూరి, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పైపులో మిగిలిన పెట్రోలు అంటుకుని టప్పుమనేదట. ఆ చప్పుడును ఇంజను సత్తా అనుకుని మురిసిపోయినవాణ్ణి నేను!

కొత్త స్టడ్డు, కొత్త గ్యాస్కెట్ పడ్డాయి. ముందు రెండు నట్లూ చేత్తో పట్టించాడు. తర్వాత వెనక ఫుట్‌రెస్టు దగ్గర బోల్టు పెట్టాడు. ఆపైన ముందువి కాస్త ఇటు, కాస్త అటు మార్చి మార్చి బిగించాడు. నేనైతే ఇన్నాళ్లూ వెనక బోల్టు బిర్రుగా బిగించేసి, ముందు నట్టు ఎక్కకపోతే సుత్తితో నచ్చజెప్పేవాణ్ణి. స్టడ్డు మరలు ఎందుకు పోయాయో అప్పుడర్థమైంది. ఆ సుత్తి సంగతి అతనికి చెప్పలేదు. తమరూ చెప్పకండి.

రెండోసారి కూడా అదే బూటు. తమరు ఉలకలేదు, పలకలేదు. పాసయ్యాం.

ఆ సాయంత్రం ఇంటికొస్తే కుక్క కూడా తలెత్తలేదు. గేటు దగ్గర హారన్ కొట్టుకోవాల్సి వచ్చింది. దోసెకు పావుగంట పట్టింది.

ఇట్లు,
తమరి విధేయుడు.

తా.క. ఆ తీగ పారేయలేదు. బాత్రూం గడియ ఊడితే దాంతోనే కట్టాను.