పేర్లు కలిస్తే నేరమా?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ఏ ఊరు తీసుకున్నా ఇదే పరిస్థితి. గ్రామసభలో అర్జీ రాసేవాళ్లే అటవీ హక్కుల కమిటీలోనూ ఉంటారు. మేడిగడ్డ బ్యారేజీ నీళ్లలో పొలాలు పోయిన రైతుల తరఫున తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగేదీ, తునికాకు సీజన్‌లో కాంట్రాక్టరుతో రేటు మాట్లాడేదీ వాళ్లే. మరాఠీలో కాగితం రాసి, దాన్ని తెలుగులోనూ ఇక్కడి ఆదివాసీల భాష మాడియాలోనూ చదివి చెప్పగలిగినవాళ్లు ఊరికి నలుగురైదుగురికి మించరు. అందుకే ఏ సంఘం రిజిస్టరు తెరిచినా ఆ పేర్లే కనిపిస్తాయి. అవే పేర్లు కనిపించాయని ఆ సంఘాలన్నీ ఎవరికో ముసుగులని అనుమానించడం తేలిక. కానీ గడ్చిరోలిలో ఇది కుట్ర కాదు, చదువుకున్నవాళ్ల కొరత.

ఈ సంగతి ఇప్పుడే చెప్పాల్సిన అవసరం వచ్చింది. మహారాష్ట్ర ప్రత్యేక ప్రజా భద్రత బిల్లును 2025 జూలైలో శాసనసభ, శాసన మండలి ఆమోదించాయి. మావోయిస్టుల అనుబంధ సంఘాలను కట్టడి చేయడానికే ఈ చట్టమని ప్రభుత్వం అంటోంది. నిషేధించిన సంఘంలో సభ్యులుగా ఉన్నందుకే మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. చట్టాన్ని ధిక్కరించమని ప్రోత్సహించడం కూడా చట్టవిరుద్ధ కార్యకలాపాల్లోకే వస్తుంది. బిల్లును పరిశీలించిన ఉభయ సభల సంయుక్త కమిటీకి 12 వేలకు పైగా సలహాలు, అభ్యంతరాలు వచ్చాక కొన్ని మార్పులు చేశారు. అయినా వామపక్ష తీవ్రవాద సంఘాలతో పాటు 'అలాంటి' సంఘాలకూ ఇది వర్తిస్తుంది. నష్టపరిహారం కోసం రోడ్డు మీద బైఠాయించిన రైతులు రేపు ఏ లెక్కలోకి వస్తారో ఎవరు చెప్పగలరు?

ప్రభుత్వ వాదనలో నిజం లేదని మేము అనడం లేదు. 1980లో నక్సలైట్ దళాలు ప్రాణహిత నది దాటి ముందుగా అడుగుపెట్టింది ఈ ప్రాంతంలోనే. పైకి ఒక పేరు పెట్టి, లోపల నిర్ణయాలు ఇంకెక్కడో చేసే పద్ధతి వాళ్లకు ఉంది. ఆ పద్ధతికి ఎక్కువ నష్టపోయింది పల్లె జనమే. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి చంపిన మనుషుల కుటుంబాలు ఈ జిల్లాలో ఇంకా ఉన్నాయి. పెద్దపల్లికి చెందిన మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు 2025 అక్టోబరులో దాదాపు 60 మందితో కలిసి గడ్చిరోలిలోనే ఆయుధాలు అప్పగించారు. తుపాకులు దిగుతున్న ఈ సమయంలో సంఘాల మీద అనుమానం పెరగడం మాకు ఆందోళన కలిగిస్తోంది.

అనుమానం ఎంత దూరం తీసుకెళ్తుందో ఈ జిల్లా చూసింది. అమలాపురం నుంచి ఢిల్లీ వెళ్లి ప్రొఫెసరైన జి.ఎన్. సాయిబాబాకు 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఆయన పనిచేసిన సంఘం మావోయిస్టుల ముసుగు అన్నది ఆ కేసులో ముఖ్యమైన ఆరోపణ. 2024 మార్చిలో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ ఆయనతో పాటు మిగతా నిందితులందరినీ నిర్దోషులుగా తేల్చింది. ఏడు నెలలకే ఆయన చనిపోయారు. అదే కేసులో శిక్ష పడిన ఈ జిల్లా ఆదివాసీ యువకుడు పాండు నరోటే 2022 ఆగస్టులోనే, ఖైదీగా ఉండగా కన్నుమూశారు. నిర్దోషి అన్న తీర్పు ఆయన చెవిన పడలేదు. ఆ ఏళ్లను ఇప్పుడు ఏ ప్రభుత్వమూ తిరిగి ఇవ్వలేదు.

నదికి అవతల తెలంగాణ 2021 మార్చిలో మావోయిస్టుల అనుబంధ సంఘాలంటూ 16 సంఘాలను ఒకే ఉత్తర్వుతో నిషేధించింది. జూన్‌లో తానే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ అనుభవం ముంబైకి ఎందుకు పనికిరాదు?

ఇంకో మాట కూడా చెప్పాలి. విద్యా సంస్థ, పతసంస్థ (అప్పులిచ్చే సహకార సంఘం), యువక మండలి, కాంట్రాక్టు సొసైటీ అన్నిట్లోనూ ఒకే కుటుంబం మనుషులుండి, ఎన్నికలప్పుడు అవన్నీ ఒకే అభ్యర్థికి పనిచేయడం మన తాలూకాల్లో మామూలే. జనానికి కనిపించకుండా నడిచే ఈ రాజకీయానికి ఎవరూ ముసుగు అని పేరు పెట్టరు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఆదేశం ఎవరిచ్చారు, ఏ పని జరిగింది అన్న మూడు ప్రశ్నలే ఎవరికైనా కొలమానం కావాలి. ఈ జిల్లాలోని సురజాగఢ్ ఇనుప ఖనిజం గనిని ప్రశ్నించే గ్రామసభకూ, గని కాంట్రాక్టులు తీసుకునే నాయకుడికీ వేర్వేరు కొలమానాలు ఉండకూడదు.

కాబట్టి ఏ సంఘాన్నైనా నిషేధించే ముందు అది చేసిన పనేమిటో ఉత్తర్వులో స్పష్టంగా రాయాలి. పేర్ల జాబితాలు కలిశాయన్నది ఆధారంగా చూపకూడదు. నిషేధం సరైనదో కాదో చూసే సలహా మండలి ముందు ఆ సంఘం వాదన వినాలి, మండలి తేల్చింది బయటపెట్టాలి. ఈ చట్టం కింద జారీ చేసే ప్రతి ఉత్తర్వునూ మరాఠీతో పాటు తెలుగులో, మాడియాలో గ్రామసభల్లో చదివి వినిపించే బాధ్యత జిల్లా కలెక్టర్ తీసుకోవాలి. తన సంఘాన్ని నిషేధించారన్న సంగతి పోలీసులు ఇంటికి వచ్చినప్పుడు కాదు, అంతకంటే ముందే మనిషికి తెలియాలి.