బాలింత పక్కన మనిషి కావాలి

మా చెల్లికి తొలి కాన్పు సిజేరియన్ అయింది. శ్రీకాకుళం పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పాప పుట్టి రెండు గంటలైనా కాకముందే నర్సు వచ్చి, "తల్లికి ఇంకా పాలు పడలేదు, ఇది తెచ్చుకోండి" అని డబ్బా పాల పేరు రాసిన చీటీ మా నాన్న చేతిలో పెట్టింది. కింద మందుల షాపులో డబ్బా, సీసా రెండూ సిద్ధంగా ఉన్నాయి. అప్పటికి పాపను ఒక్కసారైనా తల్లి రొమ్ముకు పట్టించి చూసినవాళ్ళు లేరు. మూడో రోజు రాత్రికి చెల్లి రొమ్ములు రెండూ రాయిలా బిగుసుకుపోయాయి, ఒళ్ళు వెచ్చబడింది. సీసాకు మరిగిన పాప చనుమొన నోటికి అందక మొహం తిప్పేసుకుని గుక్కపట్టి ఏడుస్తోంది. "నాకు పాలు లేవక్కా" అని చెల్లి కూడా ఏడుపే. పాలు నిండి పగిలిపోయేలా ఉన్న రొమ్ములతో కూర్చుని అన్న మాట అది.

ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్నది పక్క మంచం బాలింత వాళ్ళమ్మ. కళింగపట్నం వైపు నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబం. "పాల్లేవని ఎవులు సెప్పినారమ్మా? రొమ్ము బండలాగుంటే గుంట నోటికి ఎలాగ అందుతాది?" అంటూ లేచొచ్చింది. ఫ్లాస్కులో వేడినీళ్ళు ఉంటే తుండుగుడ్డ ముంచి పిండి, రెండు నిమిషాలు కాపడం పెట్టింది. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం అంచున ఆనించి, ముందు ఛాతీ వైపు నొక్కి తర్వాత రెండు వేళ్ళూ మెల్లగా దగ్గరకు తేవాలని చెల్లి చేతే చేయించింది. మొదట నాలుగు చుక్కలు, తర్వాత సన్నటి ధార. నల్లటి భాగం మెత్తబడ్డాక పాపను కుట్ల మీద బరువు పడకుండా చెల్లి చంక కింద, కాళ్ళు వీపు వైపు పోయేలా దిండు మీద పడుకోబెట్టింది. చనుమొనను పాప పైపెదవికి రాస్తూ, ఆవులించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఓపిగ్గా ఆగింది. తెరవగానే పాపను గబుక్కున రొమ్ముకు చేర్చింది. గడ్డం రొమ్ముకు ఆనింది, కింది పెదవి బయటికి మడతపడింది. కాసేపటికి గుటకల చప్పుడు. రెండో రొమ్ములోంచి పాలు వాటంతటవే కారి చీర తడిసింది. "సేపొచ్చింది, ఇంక భయం నేదు" అంది ఆవిడ. సేపంటే పాలు వాటంతటవే దిగడం.

అంతా కలిపి పావుగంట పని. ఆ పావుగంట సాయం మాకు అదృష్టం కొద్దీ దొరికింది. పక్క మంచం ఖాళీగా ఉండి ఉంటే మా పాప ఆ వారంలోనే పూర్తిగా డబ్బా పాలకు అలవాటు పడిపోయేది, చెల్లి జన్మంతా "నాకు పాలు పడలేదు" అనే చెప్పుకునేది. మన జిల్లాల్లో ఆ మాట చెప్పుకునే తల్లులు చాలామందికి కొరవడింది పాలు కావని, పక్కన కూర్చునే మనిషని నా గట్టి నమ్మకం.

ఒకసారి లెక్కలు చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం 41.8 శాతమే. కాన్పును ఆసుపత్రికి చేర్చడంలో గెలిచాం, అది చిన్న విజయం కాదు. ఇంటి కాన్పుల్లో ఎందరు తల్లులు చనిపోయారో మన పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. కానీ పూర్వం మంత్రసాని కాన్పు చేసి వెళ్ళిపోయేది కాదు, బిడ్డ రొమ్ము పట్టేదాకా ఉండేది. ఆసుపత్రి ఆ మంత్రసాని పనిలో సగమే తీసుకుంది. మిగతా సగం ఎవరిదని అడిగితే డాక్టరు నర్సును, నర్సు ఇంట్లోవాళ్ళను చూపిస్తారు. పైగా అదే సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని తల్లికి బిడ్డను ఎవరో ఒకరు ఎత్తి అందించాలి. వెన్నుకు మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్లో తల్లి మెలకువగానే ఉంటుంది, తల్లీబిడ్డలు స్థిమితంగా ఉంటే గదిలోకి రాగానే బిడ్డను గుండెల మీద పడుకోబెట్టవచ్చు. అందుకు ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు.

అలాగని పెద్దవాళ్ళు చెప్పేవన్నీ మంచివని అనను. ఆవు ఈనితే జున్నుపాల కోసం గిన్నె పట్టుకుని తిరిగే మన ఊళ్ళలోనే, బాలింత ముర్రుపాలను "చెడ్డపాలు" అని నేలపాలు చేసిన ఇళ్ళు ఉన్నాయి. పసుపు రంగులో చిక్కగా వచ్చే ఆ కొద్దిపాలే బిడ్డకు తొలి రక్షణ. మొదటి రోజు బిడ్డ కడుపుకు ఒక్కో విడతకు చెంచాడు చాలు, అందుకే అవి కొంచెమే వస్తాయి. పంచదార నీళ్ళు పోయడం, తేనె నాకించడం మానుకోవాలి. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం కూడా. ఆరు నెలలు నిండేదాకా రోహిణీకార్తె ఎండల్లో అయినా బిడ్డకు మంచినీళ్ళు అక్కర్లేదు. తల్లిపాలలో నూటికి ఎనభై ఏడెనిమిది పాళ్ళు నీరే.

బాలింతకు మాత్రం దాహం వేసినన్ని నీళ్ళు ఇవ్వాలి. పత్యం పేరుతో నీళ్ళు కట్టేయడం, ఒంటిపూట అన్నం పెట్టడం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మన తీరంలో బాలింతకు సొరచేప వండిపెడతారు, లోపలి ఊళ్ళలో వెల్లుల్లి కారం, మునగాకు, బొప్పాయి కాయ కూర. బలమైన తిండి, హాయిగా పెట్టవచ్చు. కానీ ఏ కూరా తనంతట తాను పాలు తేలేదు. బిడ్డ చప్పరించే కొద్దీ, రొమ్ము ఖాళీ అయ్యే కొద్దీ ఒళ్ళు పాలు తయారు చేస్తుంది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టాలి, అందులో రాత్రి పట్టడం ముఖ్యం. రాత్రిపూట పాలు ఊరించే హార్మోను ఎక్కువగా ఉంటుంది. "పాపం, తల్లి నిద్రపోనీ" అని అర్ధరాత్రి సీసా పట్టే ప్రేమ, పాలు తగ్గడానికి దారి తీస్తుంది. ఆ ప్రేమ ఉన్నవాళ్ళు పగలు వంటపని, గుడ్డల పని అందుకుని తల్లిని పడుకోనిస్తే బాగుంటుంది.

సాయంత్రం పూట బిడ్డ గంటకోసారి రొమ్ము అడుగుతుంది. మూడో వారంలోనో ఆరో వారంలోనో రెండు మూడు రోజులు అస్తమానం అడుగుతుంది. ఇంట్లో వాళ్ళంతా "పాలు చాలడం లేదు" అని తీర్మానించేది సరిగ్గా అప్పుడే. ఏడుపును బట్టి తేల్చకండి. అయిదో రోజు దాటాక ఇరవై నాలుగు గంటల్లో ఆరు, అంతకన్నా ఎక్కువసార్లు ఉచ్చ పోస్తే పాలు అందుతున్నట్టే. తొలి రోజుల్లో బిడ్డ కాస్త బరువు తగ్గడం మామూలే, రెండు వారాలు తిరిగేసరికి పుట్టినప్పటి బరువుకు చేరాలి. అంగన్‌వాడీలో తూకం ఉంది, వేయించండి. ఉచ్చ తగ్గినా, బిడ్డ పాలకు లేవకుండా మత్తుగా పడుకున్నా, ఒళ్ళు పచ్చబడుతున్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

పట్టు కుదిరితే చనుమొన నొప్పి పెట్టదు. చీలిపోయిందంటే బిడ్డ చనుమొన కొసనే నములుతోందని అర్థం. చిటికెనవేలు బిడ్డ నోటి మూలలో దూర్చి పట్టు విడిపించి మళ్ళీ పట్టించాలి. పాలిచ్చాక చివరి చుక్కలు రాసి ఆరనిస్తే పుండు త్వరగా మానుతుంది. రొమ్ము ఒకచోట ఎర్రబడి, చలిజ్వరం వస్తే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి, పాలివ్వడం మాత్రం ఆపకూడదు. ఆపితే గడ్డ ముదురుతుంది.

కొందరికి నిజంగానే పాలు తక్కువ పడతాయి. థైరాయిడ్ సమస్య, కాన్పులో ఎక్కువ రక్తం పోవడం, మాయ ముక్క లోపల ఉండిపోవడం, ఇంకా ఇతర కారణాలుంటాయి. అలాంటి తల్లి డాక్టరు సలహాతో పైపాలు పడితే ఆవిడను ఒక్క మాట అనే హక్కు ఎవరికీ లేదు. పైపాలైనా, పిండి ఉంచిన తల్లిపాలైనా సీసా బదులు ఉగ్గుగిన్నెతో పట్టడం మేలు. శుభ్రం చేయడం తేలిక, బిడ్డ రొమ్మును మరిచిపోదు. అటక మీద ఉన్న అమ్మమ్మ నాటి గిన్నె దించి మరిగే నీళ్ళలో కడిగితే చాలు.

ఇక ప్రభుత్వం సంగతి. డబ్బా పాల ప్రచారాన్ని, ఆసుపత్రుల ద్వారా అమ్మకాలు పెంచుకోవడాన్ని 1992 చట్టం నిషేధించింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. అయినా మా నాన్న చేతికి చీటీ వచ్చింది. 2016లో తల్లిపాల కోసం 'మా' అనే జాతీయ కార్యక్రమం మొదలైంది. ఏటా ఆగస్టు మొదటి వారంలో ర్యాలీలు, బ్యానర్లు కనిపిస్తాయి. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. మంచి ఏర్పాటు. కానీ మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. పేరు అత్తవారి ఊరి రిజిస్టర్లో ఉంటుంది, బాలింత పుట్టింటి ఊళ్ళో ఉంటుంది. ఇద్దరు ఆశాల మధ్య ఆ ఆరు రాకల్లో కొన్ని జారిపోతాయి. గర్భిణి పుట్టింటికి బయల్దేరిన రోజే ఒక ఆశా ఇంకో ఆశాకు ఫోన్ చేసి అప్పగించే పద్ధతి పెడితే పైసా ఖర్చు లేదు.

ఖర్చు పెట్టాల్సిన చోటు ఒకటుంది. విజయనగరం ఘోష ఆసుపత్రి మొదలు మండలంలో ఉన్న చిన్న ఆసుపత్రి దాకా, కాన్పుల వార్డులో రాత్రిపూట ఒక్క మనిషి ఉండాలి. ఇంజెక్షన్లు, కేస్ షీట్లు ఆవిడ పని కాకూడదు. మంచం మంచానికీ వెళ్ళి బిడ్డను పట్టించడమే ఆవిడ ఉద్యోగం. మా పక్క మంచం పెద్దావిడలాంటి వాళ్ళకు నెల రోజులు శిక్షణ ఇచ్చి జీతం ఇస్తే కాదనేవాళ్ళు ఎవరు?

ఆరు నెలలు తల్లిపాలే అని చెప్పడం తేలిక. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది, అది ఉద్యోగం ఉన్న మా చెల్లికి దక్కింది. పలాసలో జీడిగింజలు కొట్టి పప్పు తీసే తల్లికి పని చేసిన రోజే కూలి. గింజ పెంకులోని జీడి రసం అంటితే చర్మం కాలుతుంది, ఆ చేతులు శుభ్రంగా కడుక్కోకుండా బిడ్డను ముట్టుకోలేదు. ఉదయం పాలు పిండి మూత ఉన్న స్టీలు గిన్నెలో ఉంచితే మన వేడికి మూడు నాలుగు గంటల్లో వాడేయాలి, ఫ్రిజ్ ఉంటే ఒక రోజు ఉంచవచ్చు. పైన మీగడ తేలితే విరిగినట్టు కాదు. కాచకూడదు, వేడినీళ్ళలో గిన్నె పెట్టి గోరువెచ్చన చేస్తే చాలు. ఇదంతా ఆ తల్లికి చెప్పవచ్చు. మధ్యాహ్నం రొమ్ములు బిగుసుకుని పాలు కారుతుంటే ఎక్కడికి వెళ్ళి పిండుకోవాలో మాత్రం చెప్పలేం. ముప్పైమందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని పాత ఫ్యాక్టరీల చట్టం దశాబ్దాల కిందటే చెప్పింది. చిన్న యూనిట్లు ఆ లెక్కలోకి రావు. అలాంటివి నాలుగైదు పక్కపక్కనే ఉన్న వీధిలో అందరికీ కలిపి ఒక గది, ఒక ఆయా, ఒక చాప, ఒక కుళాయి పెట్టడానికి మున్సిపాలిటీకి ఎంత అవుతుందో పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో కూర్చుని ఒక్క పూటలో లెక్క వేయవచ్చు.