గూగుల్‌కు నల్లగొండ మీద ఇంత పగ దేనికి?

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి తెలంగాణ తెచ్చుకున్నాం. ఆ మూడింటి పక్కన ఇండెక్సింగ్‌ను, అంటే గూగుల్ మన పేజీని తన జాబితాలో ఎక్కించుకోవడాన్ని, చేర్చకపోవడం ఎంత పెద్ద లోటో ఇప్పుడు తెలిసివస్తోంది. మా బజారులో ఒక బత్తాయి సేటు వెబ్‌సైట్ పెట్టాడు. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి. ఢిల్లీ దాకా లారీలు పంపే మనిషి, గూగుల్‌లో మాత్రం గడియారం సెంటర్ దాకా కూడా కనబడడం లేదు.

సేటు చేయని ప్రయత్నం లేదు. హోం పేజీలో తన ఫొటోను ఈశాన్యానికి జరిపించాడు. సర్వర్‌కు కొబ్బరికాయ కొడదామనుకుని, అది సింగపూర్‌లో ఉందని తెలిసి ఆగాడు. రోజూ దుకాణం తెరవగానే, సైట్లున్న వాళ్ల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో రిక్వెస్ట్ ఇండెక్సింగ్ బటన్ నొక్కుతాడు. ఒకే లింకును ఎన్నిసార్లు నొక్కినా పని తొందరగా జరగదని గూగులే చెప్పింది. అయితే మాత్రం, ఒక్కసారి దరఖాస్తు పెట్టి ఊరుకునే అలవాటు మనకెక్కడిది?

సైటు చేసిన పిల్లగాడు తేల్చేశాడు: "అన్నా, గూగులోళ్లకు సిటీ వాళ్లే కావాలె. మన జిల్లా అంటే చిన్నచూపు." ఇంత స్పష్టమైన సాక్ష్యం దొరికాక సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు అర్జీ పెట్టాలని తీర్మానించాం.

ఇంతలో డిగ్రీ చదివే సేటు బిడ్డ, ఎవరూ అడగకుండానే, సైటును తయారుచేసిన వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ తెరిచింది. అందులో రీడింగ్ అనే చోట, సెర్చ్ ఇంజిన్లు ఈ సైటు జోలికి రావొద్దని చెప్పే గడిలో టిక్కు ఉంది. పని పూర్తయ్యేదాకా ఎవరి కంటా పడొద్దని పిల్లగాడు పెట్టి, తీయడం మరిచాడు. ఆ ఒక్క టిక్కుతో ప్రతి పేజీలోనూ నోఇండెక్స్, అంటే జాబితాలో ఎక్కించొద్దు, అనే ట్యాగు చేరుతుంది. పేజీలు చదివిపోయే గూగుల్ ప్రోగ్రాం, అదే గూగుల్ బాట్, వచ్చింది, చదివింది, వద్దన్నారు కదా అని వెళ్లిపోయింది. పిలవని పెళ్లికి పోయి చివరి బంతి దాకా కూర్చునే మనకు ఇంత మర్యాద అనుమానంగానే ఉంటుంది.

టిక్కు తీశారు. అయినా కనబడలేదు. చూస్తే, బాట్లు ఎక్కడికి రావొచ్చో, ఎక్కడికి రావొద్దో చెప్పే రోబోట్స్ ఫైలులో, సెక్యూరిటీకని పిల్లగాడు ఆ తర్వాతెప్పుడో డిసలో అనే మాట పక్కన ఒక స్లాష్ పెట్టి ఉంచాడు. అంటే సైటు మొత్తంలోకి బాట్లు రావొద్దని. 1994 నుంచి నడుస్తున్న ఈ పద్ధతి వట్టి మాట మన్నింపే, 2022లో గానీ ఇంటర్నెట్ ప్రమాణాల్లోకి ఎక్కలేదు. కానీ గూగుల్ దాన్ని పాటిస్తుంది. లోపలికే రానివ్వకపోతే, పేజీలో నోఇండెక్స్ తీసేసిన సంగతి దానికెట్ల తెలుస్తుంది?

ఆ స్లాషూ పోయింది. ఇప్పుడు కన్సోల్‌లో కొత్త మాట: క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్. డిస్కవర్డ్ అని ఉంటే అడ్రసు తెలిసింది, ఇంకా రాలేదని సర్దుకోవచ్చు. ఇదేమో వచ్చి, చూసి, ఇప్పటికి పక్కన పెట్టడం. అసలు అవమానం ఇది.

బిడ్డ పేజీలు తెరిచి చదివింది. "మా వద్ద నాణ్యమైన బత్తాయి సరసమైన ధరలకు లభించును." దేవరకొండకు ఒక పేజీ, హాలియాకు ఒకటి, మిర్యాలగూడకు ఒకటి, నకిరేకల్‌కు ఒకటి. ఊరి పేరు తప్ప అక్షరం తేడా లేదు. సీజన్ కాయ ఎప్పుడు కొంటారు, కత్తెర కాయ ఎప్పుడు, టన్ను ఎంత, తూకంలో సూట్ కింద ఎన్ని కిలోలు కోస్తారు, ఒక్క ముక్క లేదు.

"నాయినా, ఇవన్నీ రాస్తే గూగుల్ తీసుకునే ఆశ ఉంటది. రేటు రాయి, సూట్ ఎంతో రాయి."

సేటు అదిరిపడ్డాడు. "సూట్ రాస్తే రైతులు చదువుతరు కదా బిడ్డా!"

గూగుల్‌కు కనబడాలి, రైతుకు కనబడొద్దు. ఇంత చిన్న కోరిక కూడా తీర్చలేని కంపెనీ మీద అర్జీ ఇప్పటికే టైపు చేయించాం. సంతకాలు సేటు దుకాణంలో పెట్టొచ్చు. కాయ రేటు మాత్రం అక్కడ అడగొద్దు.