బందరు అనే పేరు గారికి ఒక మనవి

మహారాజశ్రీ బందరు అనే పేరు గారికి,

మీ ఊళ్లో పుట్టి పెరిగినవాడు నమస్కరించి రాసుకున్నది. ఉభయకుశలోపరి.

విజయవాడ బస్టాండులో బస్సు నుదుట మచిలీపట్నం అని రాసుంటుంది. దాని కిందే కండక్టరు తలుపు పట్టుకుని ‘బందర్ బందర్ బందరే’ అని గొంతు చించుకుంటాడు. ఎక్కినవాళ్లు బందరుకి టిక్కెట్టు అడుగుతారు, చేతికొచ్చిన చీటీలో మచిలీపట్నం ఉంటుంది. ఇది వేరే ఊరేమోనని కంగారుపడి దిగిపోయినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. అంతటి పలుకుబడి మీది! అందుకే ధైర్యం చేసి అడుగుతున్నాను. ఫారసీలో బందరు అంటే ఓడరేవు కదా. ఓడలేవండీ?

రిటైరై ఇరవై ఏళ్లయినా గేటుకి హోదా బోర్డు తగిలించుకునే ఆఫీసర్లని చూశాను. మీరు వాళ్లని మించిపోయారు.

ఒకప్పుడు మీరు పనిచేసిన మాట నిజమే, కాదనను. గోల్కొండ కుతుబ్‌షాహీలకి ఇదే పెద్ద రేవు. వాళ్ల దర్బారులో నడిచేది ఫారసీ. ఇక్కడ ఓడకెక్కిన అద్దకం బట్ట ఇరాన్ తీరంలో బందర్ అబ్బాస్‌లో దిగేది. బందరులో ఎక్కి బందరులో దిగడమన్నమాట. అప్పట్లో మీ పేరూ మీ పనీ ఒకటే.

మీకంటే ముందు వచ్చిన పేర్ల సంగతీ చెప్పాలి. గ్రీకులో రాసిన పాత సముద్రయానపు పుస్తకం పెరిప్లస్‌లో ఈ తీరం మసాలియా, సన్ననూలు బట్టలు బోలెడు నేసే చోటు. ఆ తర్వాత రెండో శతాబ్దంలో భూగోళం రాసిన టోలెమీ దీన్నే మైసోలియా అన్నాడు. ఇది దొరికిందే చాలని, సన్నబట్టకి మస్లిన్ అనే మాట కూడా మా ఊరిదేనని కాఫీ హోటల్లో బల్ల గుద్ది వాదించేవాళ్లు మాకున్నారు. నిఘంటువులేమో ఇరాక్‌లోని మోసుల్ వైపు వేలు చూపిస్తాయి. నిఘంటువులు రాసినవాళ్లు ఏనాడూ బందరు బస్సు ఎక్కి ఉండరు.

ఇక ‘మచిలీ’. ఊరి ద్వారానికి చేపకళ్లు పెట్టారనీ, దాన్నిబట్టే ఆ పేరనీ ఒక కథ. సముద్రం ఒడ్డున, మాగ, పండుగప్ప, వంజరం పట్టే తెలుగువాళ్ల ఊరికి హిందీ చేప ఎందుకొచ్చిందో ఆ కథలో లేదు. పాత మైసోలియానే నోళ్లలో నలిగి నలిగి చేపయి ఉంటుందని నా అనుమానం. పట్నం అన్నా ఈ తీరంలో రేవూరే: విశాఖపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం.

ఓసారి ఉత్తరాది రైల్లో ఎదుటి బెర్తు పెద్దాయన ఏ ఊరని అడిగాడు. మచిలీపట్నం అన్నాను. “చేపల ఊరా!” అని ముచ్చటపడ్డాడు. వాడుకలో బందర్ అంటామని చెప్పి ఊరుకోలేకపోయాను. ఆయనకి బందర్ అంటే కోతి. నవ్వాపుకోలేక మంచినీళ్ల సీసా జారవిడిచాడు. ఒక పేరుకి చేప, ఒక పేరుకి కోతి. అది ఊరా జంతుప్రదర్శనశాలా అని అడగలేదు, మర్యాదస్తుడు.

పేర్లు వదలకపోవడం మీ ఒక్కరి జబ్బు కాదులెండి, ఊరి నీళ్లలోనే ఉంది. 1605లో వలందులు, అంటే డచ్చివాళ్లు, దిగారు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో పరాసులు, అంటే ఫ్రెంచివాళ్లు. ముగ్గురూ ఇల్లు ఖాళీ చేశారు కానీ పేర్లు ఖాళీ చెయ్యలేదు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట నేటికీ ఉన్నాయి. పరాసుపేటలో ఫ్రెంచి ముక్క వచ్చినవాణ్ణి నేనైతే చూడలేదు. సరుక్కి ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) కోసం వెళ్తే అక్కడా మీ ఇద్దరికీ పంపకాలే. అద్దకం ‘మచిలీపట్నం కలంకారీ’ అయింది, మిఠాయి ‘బందరు లడ్డు’ అయింది. బట్ట ఆయనకి, తిండి మీకు. ఆ లడ్డుకైనా ఒక్క పేరు చాలిందా? శనగపిండిని పూసలా వేయించి, దంచి, జల్లించి, పాకంలో పోసి మళ్లీ రోట్లో దంచుతారు గనక తొక్కుడు లడ్డు అనీ అంటారు.

1864 నవంబరు 1 రాత్రి సంగతి దగ్గర మాత్రం వెటకారం ఆపుతున్నాను. ఆ ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. సముద్రం ఊళ్లోకొచ్చి వెనక్కి వెళ్లింది. మేట వేసిన ఈ తీరానికి పెద్ద ఓడలు ఎలాగూ రాలేవు. మైళ్ల దూరంలో లంగరేస్తే పడవల్లో సరుకు మోసుకొచ్చేవారు. వ్యాపారం మెల్లగా తక్కిన రేవులకి తరలిపోయింది. మీరొక్కరే కదల్లేదు.

పైగా విజయవాడలో ఆస్తులు కూడబెట్టారు. అక్కడి బందరు రోడ్డుకి కాగితాల్లో మహాత్మాగాంధీ రోడ్డని పేరు. గాంధీగారు కూడా మిమ్మల్ని ఆటోవాళ్ల నోట్లోంచి కదిలించలేకపోయారు. బందరు కాలువ సంగతి సరేసరి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ‘బందరు పోర్టు’కి 2008లో శంకుస్థాపన జరిగింది. 2019లో జరిగింది. 2023లో జరిగింది. ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు కొబ్బరికాయలు. బందరు పోర్టంటే రేవు రేవు కదా, గోడ మీద వాల్‌పోస్టరులాగా, నడిసెంటరులాగా. రెండుసార్లు రేవన్నాక మూడుసార్లు శంకుస్థాపన చేస్తే తప్పేముందని సరిపెట్టుకున్నాం. మూడోదాని తర్వాత సముద్రంలో నిజంగానే రాళ్లు పడ్డాయి. ఇన్నేళ్లకి మీకు డ్యూటీ ఆర్డరు వస్తుందేమో, కాస్త బోర్డు తుడుచుకుని ఉండండి.

ఈ ఉత్తరం కవరు మీద ఏం రాయాలో తేలక మచిలీపట్నం అని రాసి, కొట్టేసి, బందరు అని రాసి, పోస్టాఫీసు కిటికీ దగ్గర మళ్లీ అనుమానమొచ్చి అడిగాను. లోపలున్నాయన తలెత్తకుండా, “521001 వెయ్యండి, ఊరి పేరు మీ ఇష్టం” అన్నాడు.

ఇట్లు,
మీ ఊరివాడు