లెనిన్ సెంటర్లో పదకొండు మంది మీద నా ఫిర్యాదు

ముందే చెప్పేస్తున్నాను, నేను శాంతికి వ్యతిరేకిని కాదు. మా అపార్ట్‌మెంటులో పార్కింగ్ గొడవ వచ్చినప్పుడల్లా ఇద్దరికీ సర్దిచెప్పబోయి, ఇద్దరిచేతా తిట్లు తిని, చివరికి నా స్కూటరు పెట్టుకునే చోటు కూడా పోగొట్టుకున్నవాణ్ని. అయితే దేనికైనా ఒక పద్ధతీ పాడూ ఉండాలి కదా. పోయినేడు ఆగస్టు 6 సాయంత్రం, శ్రావణమాసం, బీసెంట్ రోడ్డు నిండా వరలక్ష్మీ వ్రతం బేరాలు, కాలు పెట్టడానికి సందు లేదు. అలాంటి టైములో లెనిన్ సెంటర్లో పదకొండు మంది (నేనే లెక్కపెట్టాను, మొక్కజొన్న పొత్తుల బండి అతన్ని కూడా కలిపితే పన్నెండు) ఒక గుడ్డ బ్యానరు పట్టుకుని, అణ్వాయుధాలు వద్దని నిలబడ్డారు. హిరోషిమా మీద బాంబు పడి ఆ రోజుకి 80 ఏళ్లట. ఎనభై ఏళ్ల నాటి సంగతికి ఇప్పుడు ట్రాఫిక్ ఆపడం ఏంటండీ? నిజానికి ట్రాఫిక్ ఆపింది వాళ్లు కాదు, చీరల షాపు ముందు అడ్డంగా పెట్టిన కారు. కానీ కారులో ఉన్నాయన్ని అడిగితే గొడవ అవుతుంది, వీళ్లనయితే ఏమన్నా అనొచ్చు.

ధర్నా ఎలా చెయ్యాలో బెజవాడకి ఇంకొకరు నేర్పక్కర్లేదు. అలంకార్ సెంటర్ ధర్నా చౌక్ దాకా వెళ్లి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఫ్లెక్సీ ఉండాలి, దాని మీద నాయకుడి ముఖం రోడ్డు అవతలికి కనపడాలి, అడుగున పాతిక స్టాంపు సైజు ఫోటోలుండాలి, డప్పులుండాలి, మధ్యాహ్నానికి బిర్యానీ ప్యాకెట్లు రావాలి, రాకపోతే అసలు ధర్నా వదిలేసి బిర్యానీ కోసం ఇంకో ధర్నా జరగాలి. వీళ్లకి ఇవేవీ లేవు. నీలం రంగుతో చేత్తో రాసిన గుడ్డ. ఫ్లెక్సీ ప్లాస్టిక్ కాబట్టి వాడరట. మైకు పట్టుకున్నావిడ తొమ్మిది నిమిషాల్లో ముగించేసింది, ఒక్కసారైనా ‘ఖబడ్దార్’ అనలేదు. పైగా లెనిన్ విగ్రహం కిందే నిలబడి, రష్యా కూడా తన బాంబుల్ని పీకెయ్యాలని చదివింది. ప్రపంచంలో 12 వేల దాకా వార్‌హెడ్లు, అంటే అణుబాంబులు, ఉంటే అందులో తొంభై శాతం ఆ రష్యా దగ్గరా అమెరికా దగ్గరే ఉన్నాయట. ఇద్దర్నీ తిడితే ఇక ఎవరి పార్టీ అనుకోవాలి జనం?

అంతలో వాన మొదలైంది. నా దగ్గర గొడుగు లేదు. ఉద్యమంతో నాకు ఏర్పడ్డ ఏకైక సంబంధం ఆ గుడ్డ బ్యానరు కింద తలదాచుకోవడమే అని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

అక్కడ ఓ రిటైర్డు ఫిజిక్సు మాస్టారున్నారు. డెబ్బై దాటి ఉంటాయి. ప్లాస్టిక్ కవరులో పెట్టిన సంతకాల కాగితం నా ముందుకి చాపారు.

“బాబూ, ఓ సంతకం పెడతావా?”

“నేను సంతకం పెడితే పుతిన్ ఆపుతాడా మాస్టారూ?”

“కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని ఎప్పుడైనా అర్జీ పెట్టావా?”

“మూడుసార్లు పెట్టానండీ.”

“తగ్గించారా?”

ఇలా సొంత విషయాల్లోకి వెళ్లడం నాకు నచ్చదు. మాట మార్చడానికి, మే నెలంతా బెజవాడలో బతికినవాడికి బాంబు వేడి ఓ లెక్కా అన్నాను, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరండీ మాది అని కూడా అన్నాను. ఆయన నవ్వలేదు. సంచిలో చెయ్యి పెట్టి ఒక పెంకు తీశారు. మామూలు బంగాళా పెంకు, కృష్ణలంకలో వాళ్ల పాత ఇంటిదట, ఒక మూల విరిగి, అడుగున ఇంకా మసి అంటుకుని ఉంది. దాన్ని నా చేతిలో పెట్టి, “రోహిణి ఎండ దీన్నేం చేసింది?” అన్నారు. ఏం చెయ్యలేదు. “అక్కడ బాంబు పేలిన చోటికి సరిగ్గా కింద, నేల మీద 3 వేల నుంచి 4 వేల డిగ్రీలు. ఇలాంటి పెంకులే, పైన దోసె మీద లేచినట్టు బుడగలు లేచాయి. ఆ ఇళ్లలో మనుషులున్నారు. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో లక్షా 40 వేల మంది దాకా పోయారు, నాగసాకిలో ఇంకో 70 వేలు. అందరూ ఆ రోజే పోలేదు. బాగానే ఉన్నారనుకున్నవాళ్లకి పది పదిహేను రోజుల తర్వాత జుట్టు కుచ్చులుగా ఊడింది, చిగుళ్లలోంచి రక్తం వచ్చింది.” పెంకు తిరిగి ఇచ్చేశాను. అదేమిటో, ఇంటికెళ్లాక భోజనంలో దోసె వడ్డిస్తే తినబుద్ధి కాలేదు. ఇలా జనం భోజనాలు చెడగొట్టడం ఉద్యమాలకు తగునా అన్నది నా రెండో అభ్యంతరం.

పైగా అణుశాస్త్రం మాకు తెలియదన్నట్టు మాట్లాడతారు. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో కాల్పులు జరుగుతున్నప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఎంత పరిజ్ఞానం పారిందో ఆ మాస్టారు చూడలేదు. ముందురోజు దాకా బంగారం రేటు చెప్పినాయన తెల్లారేసరికి పాకిస్తాన్‌లోని కిరానా కొండల్లో రేడియేషన్ లీకైందని మ్యాపుతో సహా పెట్టాడు. అలాంటి లీకేమీ లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెబితే, వాళ్లకేం తెలుసని ఎమోజీ పెట్టాడు. రేడియేషన్ వస్తే అయోడిన్ పని చేస్తుంది కాబట్టి అయోడైజ్డ్ ఉప్పు ఎక్కువ తినమని ఇంకో పెద్దాయన సలహా. ఆవకాయ పెట్టే రోజులు, ఇంట్లో ఉప్పుకి కొదవ లేదు, మాకు కొండంత ధైర్యం వచ్చింది. ఈ మాట గర్వంగా చెబితే మాస్టారు కాగితం వెనకాల లెక్క వేశారు. పెద్దవాళ్లకిచ్చే పొటాషియం అయోడైడ్ మాత్ర 130 మిల్లీగ్రాములు, అందులో అయోడిన్ సుమారు 100. మన ఉప్పులో కిలోకి ఉండేది 15 నుంచి 30. అంటే ఒక్క మాత్రకి సరిపడా కావాలంటే మూడు నుంచి ఏడు కిలోల దాకా ఉప్పు తినాలి. “అప్పటికి బాంబు అవసరం లేదు, బీపీయే చూసుకుంటుంది. పోనీ మాత్రే వేసుకున్నావనుకో, అది రేడియోధార్మిక అయోడిన్ నుంచి థైరాయిడ్‌ని కాపాడుతుంది, అంతే. మిగతా ఒంటికి ఏ మాత్రా లేదు.” గ్రూపు అడ్మిన్‌కి ఈ సంగతి నేను ఇప్పటికీ చెప్పలేదు. ఆయన మా ఓనరు.

రేడియేషన్ మీద మేమేమీ పోరాడలేదనుకుంటారేమో, పక్క బిల్డింగు మీద సెల్ టవరు పెట్టబోతే మా అసోసియేషన్ మూడు నెలలు పోరాడింది. ఆడవాళ్లు మెట్ల మీద బైఠాయించారు. టవరు ఎత్తుకుపోయారు. ఆ తరంగాలకి అణువులోంచి ఎలక్ట్రానుని ఊడగొట్టే శక్తి లేదనీ, పైగా 2012 నుంచి మన దేశంలో టవర్ల పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతేననీ మాస్టారంటారు. కావచ్చు. గెలుపు గెలుపే. ఇప్పుడు సిగ్నల్ కోసం అందరం డాబా ఎక్కి మాట్లాడుకుంటున్నాం, దానివల్ల ఇరుగుపొరుగు సంబంధాలు కూడా మెరుగుపడ్డాయి. ఎందుకైనా మంచిదని ఫోను వెనకాల 499 రూపాయల యాంటీ రేడియేషన్ స్టిక్కరు కూడా వేయించాను. బంగారు రంగులో ఉంటుంది.

అసలు రేడియేషన్‌ని చూసింది మాత్రం సూర్యారావుపేటలో ఒక స్కానింగ్ సెంటర్లో. పేరెందుకులెండి. ఎక్స్‌రే గది తలుపు మీద ఎర్రబల్బు వెలగదు. మూడు రేకుల పసుపు హెచ్చరిక గుర్తు మీదుగా పండగ ఆఫరు ఫ్లెక్సీ, తోక మాత్రం పైకి కనిపిస్తున్నట్టు ఒక రేకు బయటికొచ్చి ఉంది. సీసం ఏప్రన్ కుర్చీకి తగిలించి, నడుం దగ్గర ప్లాస్టరు వేసి ఉంది, దాని మీద ఎవరిదో టిఫిన్ క్యారియరు. ఓ తల్లిని లోపలికి పిలిచి, “పిల్లాడు కదలకుండా పట్టుకోమ్మా” అన్నాడు కుర్రాడు. ఏప్రన్ ఇవ్వలేదు, ఆవిడ అడగలేదు, పక్కనే కూర్చున్న నేనూ అడగలేదు. అడిగితే నా టోకెను వెనక్కిపోతుందని భయం. నేనొచ్చింది తలనొప్పికి. డాక్టరు వద్దన్నా సరే, ఆఫరుంది కదా అని మనశ్శాంతి కోసం సీటీ తీయించుకుంటున్నాను, తలతో పాటు పొట్ట కూడా. పొట్ట సీటీ డోసు ఛాతీ ఎక్స్‌రేలు వందకి కాస్త అటూ ఇటూగా ఉంటుందట. అవసరమైనవాడికి అది ప్రాణం నిలిపే యంత్రమే, అవసరం లేనివాడు వెళ్లి ఎందుకు పడుకోవడం అని మాస్టారి ప్రశ్న. ఆఫరు అని చెప్పానుగా.

ఇక కొవ్వాడ. శ్రీకాకుళం జిల్లాలో ఉంది, మనకెందుకు? అక్కడ అణు విద్యుత్ కేంద్రానికి ఒక్కొక్కటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతారట. గుజరాత్‌లో మీఠీవిర్ది రైతులు మాకొద్దు బాబూ అంటే, ఆ సంబంధాన్ని మన వైపు తిప్పారు. మధ్యలో 2017లో ఆ రియాక్టర్లు అమ్మాల్సిన అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌసే దివాలా పిటిషన్ వేసింది, అయినా మనవాళ్లు మాట తప్పలేదు, అంత మర్యాదస్తులం. ఊరు ఖాళీ చెయ్యాల్సిన బెస్తవాళ్లకి మాత్రం ఈ మర్యాద అర్థం కావడం లేదు.

దూరం సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. నాగార్జునసాగర్ జలాశయం పక్కన లంబాపురం, పెద్దగట్టు అని ఊళ్లున్నాయి. అక్కడ యురేనియం తవ్వుతామని వస్తే 2003లో ప్రజాభిప్రాయ సేకరణలో తండాల జనం ఎదురు తిరిగారు. 2019లో నల్లమలలో మళ్లీ అదే మాట వస్తే చెంచులు కదిలారు, చివరికి తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. ఆ నీళ్లే సాగర్ దాటి, పులిచింతల దాటి, ప్రకాశం బ్యారేజీకొచ్చి మా ఇంటి కుళాయిలో పడతాయి. అప్పట్లో నేనేం చేస్తున్నానో గుర్తు తెచ్చుకోబోయాను. నీళ్లు ఉదయం ఆరింటికి బదులు ఏడింటికి వస్తున్నాయని కార్పొరేటరుతో గొడవ పడుతున్నాను. మాస్టారి దగ్గర ఈ మాట మాత్రం అనలేదు.

పేర్ల విషయంలో మాత్రం మన ప్రభుత్వాలని మెచ్చుకోవాలి. 1974లో పోఖ్రాన్‌లో పేల్చినదానికి ‘నవ్వే బుద్ధుడు’ అని పేరు. 1998 మే 11న మళ్లీ పేల్చింది సరిగ్గా బుద్ధ పౌర్ణమి నాడు. పోయిన డిసెంబరులో తెచ్చిన అణు చట్టానికి పొట్టి పేరు ‘శాంతి’. ప్రైవేటు కంపెనీలు కూడా రియాక్టర్లు నడపొచ్చు. ప్రమాదం జరిగితే యంత్రం అమ్మినవాణ్ని నిలదీయడానికి 2010 చట్టంలో ఉన్న వెసులుబాటు తీసేశారు. ఎంత పెద్ద రియాక్టరయినా నడిపేవాడి పూచీ 3 వేల కోట్ల రూపాయల దగ్గర ఆగుతుంది. ఫుకుషిమా ఖర్చు 21.5 లక్షల కోట్ల యెన్‌లని జపాన్ ప్రభుత్వం 2016లో వేసుకున్న లెక్క. పక్కన అమరావతిలో 125 అడుగుల ధ్యాన బుద్ధుడు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆయన నవ్వుతున్నట్టు నాకైతే అనిపించలేదు, వయసుతో చూపు తగ్గి ఉండొచ్చు.

మీరు గెలిచేదెప్పుడు అని కూడా అడిగాను. 2017లో ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు అణ్వాయుధ నిషేధ ఒప్పందానికి ఓటేశాయనీ, 2021 జనవరి నుంచి అది అమల్లో ఉందనీ చెప్పారు. బాంబున్న దేశం ఒక్కటీ చేరలేదు, మనమూ చేరలేదు. “అంటే సిగరెట్ మానేస్తామని సిగరెట్ తాగనివాళ్లు ఒట్టేసుకున్నారన్నమాట” అన్నాను, నా చమత్కారానికి నేనే మురిసిపోతూ. “పొగ వాళ్లకీ వెళ్తుంది కదయ్యా” అన్నారాయన. జపాన్ బాంబు బాధితుల సంఘం 1956లో మొదలైందట, 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిందట. అరవై ఎనిమిదేళ్లు! మన దగ్గర 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయినాయన్ని చూసిన జనం ఇది. అంత ఓపిక ఎవరికుందండీ.

బాంబు పడితే ఏం చెయ్యాలో ఊరికి ఎవరైనా చెప్పారా అని మాస్టారు నన్నే ఎదురడిగారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌లో మా బావమరిది ఇంట్లోకొచ్చినప్పుడు, మంచం తడిశాకే వాళ్లకి తెలిసింది. మూడు రోజులు డాబా మీద, మరమరాలు తింటూ. నీళ్లు నడిచొస్తాయి. అణు క్షిపణులు పాకిస్తాన్ నుంచి ఇక్కడికి నిమిషాల్లో వస్తాయట, రెండు దేశాలవీ కలిపితే వార్‌హెడ్లు 350 దాకా ఉన్నాయట. ఆ లెక్క వినగానే మా బావమరిది డాబా గుర్తొచ్చింది, ఎందుకో చెప్పలేను.

వాన తగ్గింది. సంతకం పెట్టానా లేదా అని అడక్కండి. ఆ కాగితంలో వృత్తి అన్న గడి దగ్గర ‘బాధ్యత గల పౌరుడు’ అని రాసి ఉంటే అది నా చేతిరాత అని ఎవరూ నిరూపించలేరు. ఫోన్ నెంబరు మాత్రం ఇచ్చాను, మొహమాటం. దానివల్లే నిన్న మాస్టారు ఫోన్ చేశారు. సిగ్నల్ లేక డాబా ఎక్కాను.

“ఈ ఆగస్టు 6న కూడా అక్కడే, సాయంత్రం ఐదింటికి. ఈసారి గొడుగు నువ్వే తెచ్చుకో. పెద్దదైతే ఇంకో ఇద్దరు పడతారు.”