బంగారు రంగు రేకు డబ్బా గారికి విన్నపం

మహారాజశ్రీ క్లాన్ సెంటార్ గారి సముఖానికి,

గిటారు ధ్వనిని గరగరలాడించడానికి వాయించేవాళ్లు బూటు కాలితో నొక్కే ఓవర్‌డ్రైవ్ పెడల్‌కు ఇంత మర్యాద ఏమిటని ఎవరైనా అడగవచ్చు. తమరి ధర తెలిసినవారు మాత్రం అడగరు. 1994 చివర్లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో బిల్ ఫినెగన్ గారి చేతుల్లో పుట్టి, తర్వాతి పదిహేనేళ్లలో సుమారు 8,000 మంది తోబుట్టువులతో లోకంలోకి వచ్చి, కొత్తలో మూడు వందల డాలర్ల చుట్టుపక్కల పలికిన తమరు, ఇప్పుడు గీతలు పడి, రంగు వెలిసి, పాత సరుకుగా మారిన తర్వాత వేల డాలర్లు పలుకుతున్నారు. చేతులు మారినకొద్దీ ధర పెరిగేది బంగారం ఒక్కటేనని మా పెద్దవాళ్లు నమ్మారు. బంగారు రంగు పూసుకున్నా చాలునని తమరు నిరూపించారు.

తమరి పూర్వీకుల సంగతి ఒక్కసారి గుర్తు చేయనివ్వండి. వాల్వు యాంప్లిఫయర్‌ను దాని తాహతుకు మించి తోస్తే లోపలి ధ్వని తరంగాల శిఖరాలు తెగి చదునవుతాయి. ఆ కోతలోంచి, గిటారు తీగ ఇవ్వని కొత్త హార్మోనిక్స్ (అసలు స్వరానికి తోడయ్యే పై స్వరాలు) పుట్టుకొచ్చి స్వరం గరగరలాడుతుంది. ఇంజినీర్లు దాన్ని జబ్బుగా ఎంచి దశాబ్దాల పాటు వైద్యం చేశారు. రోగులకు మాత్రం ఆ జబ్బే నచ్చింది. 1958లో అమెరికన్ గిటారిస్టు లింక్ రే స్పీకర్‌కు పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. 1964లో లండన్‌లో ది కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవిస్ స్పీకర్ కోన్‌ను బ్లేడుతో కోశాడు. రాక్ సంగీతానికి ఆ గరగర తెచ్చిపెట్టడానికి అయిన ఖర్చు ఒక పెన్సిలు, ఒక బ్లేడు. ఆ తర్వాత 100 వాట్ల మార్షల్ యాంపులు వచ్చాయి. వాటి అసలు గొంతు వినాలంటే వాల్యూమ్ నాబ్‌ను చివరి దాకా తిప్పాలి, తిప్పితే వీధి మొత్తం వినాలి. అంత మోత లేకుండా అదే రుచి చూపిస్తామంటూ తమరి జాతి మా పాదాల దగ్గరికి చేరింది.

తమరి కడుపులో ఏముందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఫినెగన్ గారు సర్క్యూట్ బోర్డు మీద నల్లటి ఇపాక్సీ జిగురు పోసి, రెసిస్టరేదో కెపాసిటరేదో కనబడకుండా కప్పేశారు. గుప్పిట మూసి ఉన్నంతసేపూ అందులో ఏదైనా ఉండవచ్చు కనుక, ఆ జిగురు కిందికి జనం తమకు తోచిన మహిమలన్నీ చేర్చారు. 2000ల రెండో సగంలో కొందరు ఓర్పుగా ఆ జిగురు గీకి చూస్తే లోపల తెలివైన పనితనం కనబడింది, మంత్రం కనబడలేదు. 9 వోల్టులను 18 చేసి సిగ్నల్‌కు ఊపిరాడే చోటిచ్చే చిన్న చిప్ ఒకటి; గెయిన్ (గరగర మోతాదు) తిప్పుతున్నకొద్దీ శుభ్రమైన ధ్వనినీ తెగిన ధ్వనినీ పాళ్లు మార్చి కలిపే జంట నాబ్ ఒకటి; తరంగాల తలలు తుంచే జెర్మేనియం డయోడ్లనే చిన్న విడిభాగాలు రెండు. అప్పటి దాకా జిగురులో ఉన్న మహిమ అంతా రాత్రికి రాత్రి ఆ రెండు డయోడ్లలోకి కాపురం మార్చింది.

ఇక్కడే తమరి భక్తుల ఆచారం గురించి ఒక మాట చెప్పుకోవాలి. వారిలో ఎక్కువమంది తమరిని యాంప్‌కు ముందు పెట్టి, అవుట్‌పుట్ నాబ్‌ను బాగా పెంచి, గెయిన్‌ను దాదాపు సున్నా దగ్గర ఉంచుతారు. గెయిన్ అంత తక్కువగా ఉన్నప్పుడు ఆ డయోడ్లకు తుంచడానికి తలలేవీ పెద్దగా అందవు; యాంప్‌లోని వాల్వులే ఆ పని చేస్తాయి. అంటే ఏ డయోడ్ల కోసం అప్పు చేశారో, వాటిని సెలవు మీద పంపించి వాయిస్తున్నారన్నమాట. తమరు ధ్వనికి ఏమీ కలపరని కూడా వారే చెబుతారు. నిజానికి తమరు మధ్యశ్రుతులను ఒక మోస్తరుగా పైకెత్తుతారు, బ్యాండ్ హోరులో గిటారు విడిగా వినబడేది అందుకే. అది ఉపకారమే, కాదనను.

పేరుమోసిన బ్రిటిష్ గిటారిస్టు జెఫ్ బెక్ తమరిని వాడారని ప్రమాణంగా చెబుతారు. నిజమే, వాడారు. అయితే ఆయన పిక్ పక్కన పడేసి, బొటనవేలితో తీగ మీటుతూ, చిటికెన వేలితో గిటారు వాల్యూమ్ నాబ్‌ను అదే క్షణంలో తిప్పుతూ, అరచేతి కింద ట్రెమోలో కడ్డీని (తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపేది) వణికించేవారు. 2025 జనవరిలో లండన్ క్రిస్టీస్ సంస్థ ఆయన గిటార్లను వేలం వేసింది. బొటనవేలు అడిగి పుచ్చుకునే గురువులు ఆ దేశంలో లేకపోబట్టి అది మాత్రం ఎవరికీ దక్కలేదు.

తమరిని కన్న తండ్రికే ఈ గోల విసుగు పుట్టించిందనడానికి సాక్ష్యం తమరి తమ్ముడు కేటీఆర్ (పేరు చూసి తెలంగాణ పాఠకులు తొందరపడవద్దు, ఇది కూడా పెడలే). ఎందరికో కష్టం కలిగిస్తున్న ఈ వెర్రి ఆర్భాటం నేను చేసింది కాదు, దయచేసి గుర్తుంచుకోండి అని ఫినెగన్ గారు ఆ డబ్బా మీదే అచ్చువేయించారు. సరుకు మీద ఇలాంటి మాట రాసి అమ్మిన వ్యాపారిని నేను మరొకరిని ఎరుగను. జనం ఆ మాటను కూడా ముచ్చటపడి కొనుక్కున్నారు. తమరి నకళ్లు ఎన్ని వచ్చాయో లెక్క కట్టడం వృథా. 2024లో బెరింగర్ కంపెనీ తమరి పేరు, రూపు దించినట్టు చవకలో ఒకటి తెస్తే వ్యవహారం అమెరికా కోర్టు దాకా వెళ్లింది.

నా విన్నపం చిన్నది. తమరిలో చాలామందిని ఇప్పుడు ఎవరూ కాలితో తాకడం లేదు, అద్దాల బీరువాల్లోనూ బ్యాంకు లాకర్లలోనూ దాచుకుంటున్నారు. అడుగు మూత కింద 9 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుందన్న సంగతి ఆ యజమానులకు గుర్తుందో లేదో. ఏళ్ల తరబడి వదిలేస్తే అది కారుతుంది, కారితే తీగల్నీ అతుకుల్నీ తినేస్తుంది. లాకరు తాళం వేసేముందు ఆ బ్యాటరీ ఊడదీయమని వారికి చెప్పండి.

ఇట్లు,
తమరిని ఇంతవరకు తొక్కని
ఒక గిటారు విద్యార్థి