పేపర్లు అడుగుతున్నాం, పెంపకం అడగడం లేదు

ఆన్‌లైన్‌లో కుక్కపిల్లల ప్రకటనలు చూస్తే దాదాపు అన్నిటిదీ ఒకటే వరస. జాతి పేరు, 'డబుల్ బోన్' (లావు ఎముకలన్నమాట), 'ఛాంపియన్ బ్లడ్‌లైన్' (పోటీల్లో గెలిచిన కుక్కల సంతానమని), వంశాన్ని ధ్రువీకరించే కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లు ఉన్నాయా లేవా, చివర్లో వయసు: 35 రోజులు, 40 రోజులు, మహా అయితే 45. కొనేవాళ్లు కూడా కాళ్ల లావు చూస్తారు, తల సైజు చూస్తారు, బేరమాడతారు. ఆ పిల్ల ఇన్నాళ్లూ ఎక్కడ పెరిగింది, ఎవరి చేతుల్లో పెరిగింది అని అడిగేవాళ్లు అరుదు. ఏడాది తిరిగేసరికి లిఫ్టులోకి ఎవరొచ్చినా మీదికి ఉరుకుతోందనో, దీపావళికి మంచం కింద దూరి అన్నం ముట్టడం లేదనో ట్రైనర్‌కి ఫోన్ వెళ్తుంది. అప్పుడు తప్పు జాతిది అవుతుంది, లేదంటే ట్రైనర్‌ది. పిల్లల్ని పుట్టించి అమ్మిన బ్రీడర్ ఊసు ఎక్కడా రాదు.

రావాలి. ఎందుకంటే కుక్కకు మనుషుల మీద, చప్పుళ్ల మీద, తోటి కుక్కల మీద ఏర్పడే అభిప్రాయం చాలావరకు దాని మూడో వారం నుంచి పన్నెండో వారం లోపే ఖాయమవుతుంది. ఇది ఎప్పుడో తేలిన విషయం. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాక్సన్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు కొన్ని పిల్లల్ని తల్లులతో పాటు ఎత్తైన కంచె ఉన్న ఆవరణలో, మనిషి పొడ తగలకుండా పెంచారు. కొన్నిటిని రెండో వారంలో, కొన్నిటిని మూడు, అయిదు, ఏడు, తొమ్మిది వారాలకు బయటికి తెచ్చి వారం పాటు మనుషుల మధ్య ఉంచారు. పద్నాలుగు వారాలదాకా మనిషి చెయ్యి తగలని పిల్లలు ఆ తర్వాత ఎంత బుజ్జగించినా మామూలు పెంపుడు కుక్కలు కాలేకపోయాయి. 1961లో వెలువడిన ఫలితమిది. ఆ కీలకమైన తొమ్మిది వారాల్లో, పిల్లను ఎనిమిది వారాలకు అమ్మితే, అయిదు వారాలు బ్రీడర్ దగ్గరే గడిచిపోతాయి. మన ఇంటికొచ్చాక మొదలుపెడదామనుకునే శిక్షణలో సగం అప్పటికే అయిపోయి ఉంటుంది, మంచికో చెడుకో.

ఆ అయిదు వారాల్లో జరిగేదేమిటో దగ్గర్నుంచి చూస్తే ఈ మాట అతిశయోక్తి అనిపించదు. మూడో వారానికి కళ్లు, చెవులు పనిచేస్తుంటాయి, పాలపళ్లు మొలుస్తుంటాయి. ఒకదాన్నొకటి కరుచుకోవడం మొదలవుతుంది. గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని అరిచి ఆట మానేస్తుంది. తల్లి కూడా సూదుల్లాంటి పళ్లు తగలగానే గుర్రుమని లేచిపోతుంది. పంటి బలం ఎక్కడ ఆపాలో పిల్ల నేర్చుకునేది అక్కడే. ముప్పై అయిదు రోజులకే విడదీసిన పిల్లకు ఈ పాఠం పూర్తికాదు. మిగతాది మన పిల్లల చేతుల మీద, ప్యాంటు అంచుల మీద నేర్చుకుంటుంది.

ఒకటీ రెంటి సంగతీ అంతే. నడక రాగానే పిల్ల పడుకునే చోటు వదిలి రెండడుగులు పక్కకు జరిగి కానిచ్చుకోవాలని చూస్తుంది. బ్రీడర్ ఓ మూల ఇసుక ట్రేనో గడ్డి చాపో పెడితే ఆ అలవాటు దానంతటదే స్థిరపడుతుంది. నాలుగడుగుల ఇనప బోనులో పెరిగిన పిల్లకు జరగడానికి చోటేది? పక్కను పాడు చేసుకుని అందులోనే పడుకోవడం అలవాటైపోతుంది. అలాంటి పిల్లను కొని, నెలల తరబడి హాల్లో ఫినాయిల్‌తో తుడుచుకుంటూ 'మొండిది' అని తిట్టుకునే ఇళ్లు ఎన్నో.

ఇటలీ పరిశోధకులు 2011లో 140 కుక్కల యజమానులను అడిగి చూశారు. సగం కుక్కల్ని 30–40 రోజుల మధ్య, మిగతా సగాన్ని 60 రోజులకు తల్లి నుంచి వేరుచేశారు. ముందుగా విడదీసినవాటిలో అతిగా మొరగడం, చప్పుళ్లకు బెదరడం, తిండి దగ్గరికి ఎవరినీ రానివ్వకపోవడం, వస్తువులు కొరికి పాడుచేయడం ఎక్కువ. యజమానులు చెప్పిన జవాబులు కాబట్టి కొంత తీసివేత వేసుకోవచ్చు. అయినా మన ప్రకటనల్లో కనిపించే వయసు సరిగ్గా ఆ మొదటి గుంపుదే కావడం గమనించాలి.

చట్టం లేక కాదు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా 35 రోజుల ప్రకటన బాహాటంగా నడుస్తోంది. అమలు సంగతి అలా ఉంచి, నిబంధనలోనే ఓ చిక్కుంది. ఎనిమిది వారాలదాకా తల్లి దగ్గరే ఉండాలన్నది ఆ చోటు బాగుంటేనే మేలు. మేడ మీద రేకుల షెడ్డులో, తిండి గిన్నె పెట్టే చెయ్యి తప్ప మరో మనిషిని ఎరగకుండా గడిపే ఆ చివరి రెండు వారాలు అదనపు నష్టమే. అలాంటి చోట ఎనిమిది వారాలు ఆపడం కన్నా 45 రోజులకు మంచి ఇంటికి చేరడమే నయమని ఎవరైనా వాదిస్తే తోసిపుచ్చలేను. వయసును మాత్రమే లెక్కపెట్టే నిబంధన సగం పనే చేస్తుంది.

మిగతా సగం ఖరీదైన వ్యవహారమేమీ కాదు. బ్రిటన్‌లో అంధులకు కుక్కల్ని తయారుచేసే గైడ్ డాగ్స్ సంస్థ కుక్కపిల్లల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, పుట్టినప్పటి నుంచి ఆరు వారాలదాకా రోజుకు అయిదు నుంచి పదిహేను నిమిషాలు అదనంగా కేటాయించారు. ముట్టుకోవడం, రకరకాల చప్పుళ్లు, నేలలు, వస్తువులు పరిచయం చేయడం, అంతే. ఎనిమిది నెలల వయసులో కూడా ఆ కుక్కలు తక్కువ ఆందోళనతో కనిపించాయి. మన దగ్గర ఆ పరిచయాలు ఇంట్లోనే ఉన్నాయి: కుక్కర్ విజిల్, మిక్సీ, కిందపడ్డ స్టీలు పళ్లెం, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, కర్ర పట్టుకుని నడిచే తాతయ్య, బండల మీద జారే కాళ్లు. పిల్లల్ని వంటింటి పక్కన పెంచే బ్రీడర్ సగం పని తెలియకుండానే చేసేస్తాడు. (పుట్టిన మూడో రోజు నుంచి కాలివేళ్ల మధ్య ఇయర్‌బడ్‌తో గిలిగింతలు పెట్టి, తలకిందులుగా పట్టుకునే 'న్యూరో స్టిమ్యులేషన్' చేశామని కొందరు ధర పెంచుతున్నారు. దాని ఫలితాలకు అంత గట్టి ఆధారాల్లేవు. వంటింటికే నా ఓటు.)

కొన్నవాళ్లే ఇంటికెళ్లాక ఇవన్నీ చేసుకోవచ్చు కదా అంటే, అక్కడ కుక్కపిల్లల ప్రాణాలు తీసే వైరస్ జబ్బు పార్వో అడ్డొస్తుంది. టీకాల కోర్సు పూర్తయ్యేసరికి పిల్లకు నాలుగు నెలలు. అప్పటిదాకా బయట నేల మీద దించొద్దంటారు చాలామంది డాక్టర్లు. మాట వింటే ఆ కీలకమైన వారాలు నాలుగ్గోడల మధ్యే అయిపోతాయి. వినకపోతే పిల్ల ప్రాణానికే ముప్పు. ఎత్తుకుని తిప్పడం లాంటి మధ్యేమార్గాలున్నాయి, పాటించేవాళ్లు తక్కువ. తల్లి, తోబుట్టువులు, శుభ్రమైన గది, నలుగురు మనుషులు ఒకేచోట దొరికేది బ్రీడర్ ఇంట్లోనే.

బ్రీడర్ల వైపు లెక్క కూడా చూడాలి. పాలు మానాక ఏడెనిమిది పిల్లల తిండి, టీకాలు, నులిపురుగుల మందు, ఒక్కదానికి పార్వో వచ్చినా ఆ కాన్పు పిల్లలన్నీ పోతాయన్న భయం. ప్రతి రోజూ ఖర్చే. పైగా 'చిన్నప్పుడు తెచ్చుకుంటేనే మనకు మాలిమి అవుతుంది' అన్న నమ్మకం కొనేవాళ్లది. రెండు నెలల పిల్లను చూపిస్తే 'ఇది పెద్దదైపోయింది, తగ్గించండి' అంటారు. ఆ పదిహేను రోజుల కష్టానికి ధర పెరగాల్సింది పోయి తగ్గుతుంటే ఎవరు చేస్తారు?

2024 మార్చిలో కేంద్రం 23 'క్రూర' జాతుల పెంపకం, అమ్మకాలు ఆపాలని సర్క్యులర్ ఇస్తే నెల తిరక్కుండానే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. టీవీల్లో వాదనంతా జాతుల పేర్ల మీదే నడిచింది. ఇంగ్లండ్ చూపు మాత్రం అమ్మే తీరు మీద పడింది: అక్కడ 2020 ఏప్రిల్ నుంచి కుక్కపిల్లల్ని దళారులు అమ్మడం నిషేధం. పిల్లను పుట్టిన చోటే, తల్లితో కలిపి చూపించి అమ్మాలి. మనకు ఇప్పటికిప్పుడు పనికొచ్చేది ఇలాంటి షరతే, దానికి చట్టం వచ్చేదాకా కొనేవాడు ఆగనక్కర్లేదు కూడా. వెళ్లి చూడండి. పిల్లల మధ్య కాస్త దూరంలో తాళంచెవుల గుత్తి కింద పడేయండి. ఉలిక్కిపడి వెనక్కెళ్లి, కాసేపటికి వచ్చి వాసన చూసే పిల్లను ఎవరో శ్రద్ధగా పెంచారు. మూలకు నక్కి ఎంతసేపటికీ కదలని పిల్ల, పేపర్లు ఎంత గొప్పవైనా, మీ ఇంటికొచ్చాక చాలా శ్రమ అడుగుతుంది. 'లోపలికెందుకు సార్, కారు దగ్గరికే తెచ్చిస్తాం' అంటే మాత్రం కారు స్టార్ట్ చేసుకుని వచ్చేయడమే.